మసాయి మర్యాద

పీర్ మహమ్మద్ వచ్చి గంటయింది. ఇప్పటిదాకా గేదెల గురించి తప్ప ఇంకో మాట ఎత్తలేదు. పరదా వెనక నిలబడ్డ ఖుర్షీదాకు ఒళ్ళు మండిపోతోంది.

బొల్లారంలో డాక్టర్ ఎమిలీ దొరసాని దగ్గర మోటారు నడిపే ఈ మహానుభావుడు, ఆమె వెంట ఆఫ్రికా వెళ్ళి రెండేళ్ళు, పశువులే ప్రాణంగా బతికే మసాయి జాతివాళ్ళ పల్లెలన్నీ తిరిగొచ్చాడు. వెళ్ళేముందు "రాంగనే మీ అబ్బాతోని మాట్లాడ్త" అని మాటిచ్చాడు. పోలీసు యాక్షన్ రోజుల్లో ఉత్తరాలు ఆగిపోయినా ఖుర్షీదా ఆ మాటే పట్టుకుని కూర్చుంది. వచ్చి పదిహేను రోజులు. ఇవాళ జుమ్మా నమాజు కాగానే తండ్రి జాన్ సాహెబ్ యాప్రాల్ సంబంధానికి మాటిచ్చేస్తాడు. ఈయనగారేమో ఇంకా కొట్టం దగ్గరే ఉన్నాడు.

"నల్లగేదె మంచిగున్నదా చాచా?"

"మంచిగున్నది."

"దూడ?"

"దూడ సుత మంచిగనే ఉన్నది."

"ఈ దిక్కు వాన ఎట్లున్నది?"

"బొల్లారంల పడ్డ వాననే ఈడ సుత పడ్డది బిడ్డా" అన్నాడు జాన్ సాహెబ్ ఓపిగ్గా.

ఖుర్షీదా చాయ్ కప్పు పరదా పక్కనుంచి చాపింది. అందుకోవడానికి వచ్చినవాణ్ణి అక్కడే నిలేసింది.

"ఏందీ, గొడ్ల డాక్టరు లెక్క? అసలు సంగతి చెప్పరాదు?"

"జెర ఆగు. నేను తిరిగిన కాడ ఇంట్లకు రాంగనే సీదా పని చెప్తె మర్యాద కాదు. గొడ్లు, పిల్లలు, వాన, గడ్డి, అన్నీ అడగాలె. ఆ పద్ధతి నాకు మస్తు నచ్చింది."

"ఇది బోయిగూడ. నమాజుకు పావుగంటనే ఉన్నది."

"గడ్డి ఒక్కటే మిగిలింది" అన్నాడతను.

ఖుర్షీదాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇలాంటి మనిషిని ప్రేమించినందుకు ముందు తనని తాను తిట్టుకుంది.

అతను వెళ్ళి గడ్డి గురించి నిజంగానే అడిగాడు. జాన్ సాహెబ్ గడ్డి ధర చెప్పి, టోపీ పెట్టుకుని లేచాడు. చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నాడు. ఇక లాభం లేదని ఖుర్షీదా పరదా లాగి ముందుకొచ్చింది.

"అబ్బా, ఇతను గొడ్ల కోసం రాలే. నన్ను అడగనీకి వచ్చిండు. యాప్రాల్ వాళ్ళకు మాటియ్యకు. నాకు ఇతనే కావాలె."

జాన్ సాహెబ్ చెప్పులు వదిలి వెనక్కి తిరిగాడు. "నిజమేనా పీరూ?"

పీర్ మహమ్మద్ తల వంచుకున్నాడు. "నిజమే చాచా. ఆడ ఏ ఊరికి పోయినా, నీ ఇంట్ల మంచిగున్నరా అని అడుగుతరు. నాకు అమ్మ లేదు, నాయిన లేడు. ఏం చెప్పాలె? నా ఇంట్ల ఖుర్షీదా ఉన్నది, మంచిగున్నది అని చెప్పుకుంట తిరిగిన. ఉత్తరాలు బందైనంక సుత గదే చెప్పిన. అప్పుడు మాత్రం మస్తు భయమయ్యేది."

ఖుర్షీదా కళ్ళలో నీళ్ళు నిండాయి. అయినా కోపం తగ్గనివ్వలేదు.

"నిఖా కాకముందే నన్ను నీ ఇంట్ల పెట్టినవా? ఎన్ని ఊర్లల్ల చెప్పినవు?"

"ముప్పై దాకా."

జాన్ సాహెబ్ కూతుర్ని చూశాడు, అతన్ని చూశాడు, మళ్ళీ చెప్పులేసుకున్నాడు.

"ముప్పై ఊర్లకు తెల్సినంక బోయిగూడకు దాచుడెందుకు? నడువు పీరూ. మసీదుకాడ నలుగురికి నేనే చెప్తా."