పన్నెండు తీగల మీద పదహారు స్ట్రోకులు

గిటారు మీద పడ్డ పదహారు స్ట్రోకులూ ఒకే బలంతో వినిపించేసరికి ఏజెంట్ పరదేశి గుండె ఆగినంత పనైంది.

1987 మే నెల. ఆదివారం మధ్యాహ్నం. రాయపూర్, శంకర్ నగర్. ఒక హోటల్ ఎదురుగా బరఫ్ గోలాలు, అంటే రంగునీళ్ళ ఐసు ఉండలు, అమ్మేవాడి వేషంలో నిలబడ్డాడు పరదేశి. తలకు చుట్టిన తువ్వాలు కింద ఇయర్‌ఫోన్, ఐసుగడ్డ కింద వైర్‌లెస్ సెట్. లోపల లంచ్ ఆర్కెస్ట్రాలో పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తున్న అందగత్తె హన్నా. విదేశీ ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. నిజానికి ఆమె పరదేశి మనిషి. ఆంప్లిఫయర్లో ఆమె దాచిన అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటర్ ప్రతి స్ట్రోకునూ అతని చెవిలో వేస్తోంది.

బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో అయిపోయింది. రెండు పదికి స్టేషన్‌కి వచ్చే మెయిల్లో ముఠా మనిషి ఒకడు బాంబుతో కూర్చుని ఉంటాడు. ఏ బోగీయో హన్నా చెబుతుంది, నాలుగు ఆదివారాలుగా కబుర్లు పంపుతున్న పద్ధతిలోనే. పదహారు స్ట్రోకుల వరస మూడుసార్లు వాయిస్తుంది. అందులో గట్టివి ఎన్నుంటే బోగీ నంబరు అంత. మెత్తనివి ఉత్త మోసానికి. తప్పు బోగీలో పోలీసు కాలు పెడితే వాడు బటన్ నొక్కేస్తాడు. తొమ్మిదివందల ప్రాణాలు!

ఇప్పుడు గట్టివీ లేవు, మెత్తనివీ లేవు. తీగలు జంటలు జంటలుగా, దువ్వి జడ వేసినంత నున్నగా మోగుతున్నాయి.

కంప్రెసర్! సిగ్నల్స్ ట్రైనింగ్‌లో చూశాడు దాన్ని. గట్టి శబ్దాన్ని అణిచి, మెత్తని శబ్దాన్ని ఎత్తి, రెంటినీ ఒకే మట్టానికి తెచ్చే డబ్బా. హన్నా గిటారుకి తగిలించిందెవరు? ముఠాకి తెలిసిపోయిందా? లోపలికి వెళ్ళే వీల్లేదు. స్టేజీ ముందు బల్ల దగ్గరే ముఠా నాయకుడు భోంచేస్తున్నాడు.

వైర్‌లెస్ గరగరలాడింది. స్టేషన్ నుంచి ఇన్‌స్పెక్టర్ వెంకటస్వామి.

“బండి వచ్చీసింది. ఏ బోగీ? జల్దీ చెప్పు!”

“తెలీడం లేదు సార్.”

“తెలీడం లేదేటి? ఎనిమిది నిమిషాల్లో కదిలిపోద్ది!”

రెండో వరస మొదలైంది. హన్నాకీ అర్థమైనట్టుంది, గట్టివాటిని ఇంకా గట్టిగా కొడుతోంది. ఎంత కొడితే అంత అణిచేస్తోంది డబ్బా.

“ఏటి బావూ, బరఫ్ అమ్ముతావా, కళ్ళు మూసుకుని జపం చేస్తావా?” గ్లాసు పట్టుకుని నిలబడింది ఎదురింటి సూరమ్మ.

“ఖతం అమ్మా.”

“ఇంత గడ్డ ఎదరెట్టుకుని ఖతం అంటావేటి!”

రెండో వరసా అయిపోయింది. పరదేశి చేతిలో ఐసుముక్క కరిగి మోచేతి దాకా కారింది. అతను చెయ్యగలిగింది ఏమీ లేదు, వినడం తప్ప.

మూడో వరస. ఆఖరిది.

ఒక స్ట్రోకు. హన్నా అలవాటుగా తీగల మీద అరచెయ్యి ఆనించింది. ఆ నిశ్శబ్దంలో గిటారు కరెంటు గుంయ్‌మనే రొద సన్నగా మొదలై మెల్లగా పెరిగింది. రెండో స్ట్రోకు. ఈసారి రొద వెంటనే నిండుగా వినిపించింది.

పరదేశి ఉలిక్కిపడ్డాడు. గట్టి దెబ్బను అణిచినప్పుడు డబ్బా వెనకున్న రొదనూ అణిచేస్తోంది! తేరుకోవడానికి దానికో క్షణం పడుతోంది!

అతను గిటారుని వదిలేశాడు. స్ట్రోకుల మధ్య సందుల్ని విన్నాడు. సన్నగా మొదలైన రొదలు... తొమ్మిది... పది...

“పదకొండు సార్! పదకొండో బోగీ!”

వైర్‌లెస్‌లో గార్డు ఈల వినిపించింది. తర్వాత బూట్ల పరుగు. యుగాలు గడిచినట్టనిపించింది.

“దొరికాడు!” అరిచాడు వెంకటస్వామి. “ఏలు బటన్ మీదే ఉందిరా నాయనా!”

పది నిమిషాల్లో హోటల్ని పోలీసులు చుట్టుముట్టారు. నాయకుడి చేతికి, తింటున్న చెయ్యి కడగకుండానే, బేడీలు పడ్డాయి. పరదేశి మాత్రం తిన్నగా స్టేజీ వెనక్కి వెళ్ళి సౌండ్ మనిషి రత్నం కాలర్ పట్టుకున్నాడు.

“ఎవడు పెట్టమన్నాడు ఆ డబ్బా?”

రత్నం మెడ వంచలేదు.

“ఎవరూ చెప్పలేదండి, నేనే పెట్టాను. నాలుగు ఆదివారాల్నుంచి ఇంటన్నాను. ఒక దెబ్బ పిడుగు, ఒక దెబ్బ పిల్లి నడక. మా చర్చి క్వయరుకి ఇరవై ఏళ్ళు సౌండ్ పెట్టాను, ఇంత ఖరాబు చెయ్యి ఎక్కడా చూళ్ళేదు. హన్నా నాకు చెల్లెల్లాంటిది, నలుగుర్లో పరువు పోద్దని బొంబాయి నుంచి తెప్పించి, ఆమెకు చెప్పకుండా వైర్ల మధ్యలో కలిపేశాను. ఇయ్యాలే ఫస్ట్ టైము గిటారు బరాబర్ మోగింది సార్. తప్పయితే జైల్లో పెట్టండి. ఆమెను మాత్రం కాస్త ప్రాక్టీసు చెయ్యమనండి!”