ఏడింటక్క లేని స్టేషన్

వాన నాలుగో రోజుకు చేరిన ఆ ఉదయం వంటింట్లో రేడియో, "ఎండ హాయిగా కాస్తున్న ఈ వేళ..." అంటూ పలకరించింది. కాఫీ తాగుతున్న ఇంజనీరు తల దించుకున్నాడు. ఆ గొంతు ఎక్కడో దూరపు నగరంలో ఎప్పుడో రికార్డు చేసింది. నాన్న పెట్టిన ఈ ఊరి ఎఫ్.ఎం. స్టేషన్‌ను ఆ నగరపు కంపెనీకి రాసిచ్చిన కాగితం మీద సంతకం అతనిదే. పద్దెనిమిదేళ్ళు రోజూ ఏడింటికి ఊరి కబుర్లు చెప్పిన అతని అక్కను కంపెనీ మొదటి వారమే మానిపించింది. యంత్రాలు చూసుకోవడానికి అతన్ని మాత్రం ఉంచుకుంది.

రెండు నెలలుగా అక్క అతనితో ముక్తసరిగానే మాట్లాడుతోంది. ఊరు మాత్రం ఆమెను ఇంకా ఏడింటక్క అనే పిలుస్తోంది.

ఆమె ఫోను మోగింది. వింటూండగానే ముఖం పాలిపోయింది.

"ఎవరే?" అంది అమ్మ.

"ఆనకట్ట గేట్లు చూసే మేస్త్రి. పదింటికి గేట్లెత్తేస్తారట. స్టేషన్‌కి చేస్తే మనిషి పలకలేదట, పాట కావాలంటే ఒకటి నొక్కమని రికార్డు గొంతు చెప్పిందట." తమ్ముడి వైపు తిరిగింది. "పల్లపు వీధి మునుగుతుంది. పద, స్టూడియో తియ్యి."

"నా చేతుల్లో ఏముందక్కా? పైనుంచి పర్మిషన్ రావాలి. ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది."

"అయితే ఫోన్ చెయ్యి."

కంపెనీకి చేశాడు. అవతల సంగీతం. మళ్ళీ చేశాడు. అదే సంగీతం. ఎనిమిదిన్నర దాటింది.

"సంతకం పెట్టేముందు నన్నొక్క మాట అడిగావా?" అక్క గొంతు పెంచలేదు. "అడిగుంటే సరేననేదాన్నేమో. చెప్పకుండా చేశావు చూడు, అదే మింగుడు పడట్లేదు."

"వినేవాళ్ళు తగ్గిపోతున్నారనుకున్నా. నీకూ కాస్త విశ్రాంతి దొరుకుతుందని..."

"నన్ను అడ్డం పెట్టుకోకు."

అమ్మ తాళంచెవులు తెచ్చి అతని ముందు పెట్టింది. "మీ పోట్లాట సాయంత్రం పెట్టుకోండి. ముందు వెళ్ళండి."

మేడమీది స్టూడియోలో కంప్యూటర్ పాస్‌వర్డ్ మారిపోయి ఉంది. ఇంజనీరు ఒక్క క్షణం తటపటాయించి, ట్రాన్స్‌మిటర్‌కు వెళ్ళే వైరు పీకేసి, మూలన పడేసిన పాత మైకును కలిపాడు. పాట సగంలో తెగిపోయింది.

"నేను ఏడింటక్కను. పల్లపు వీధివాళ్ళు వెంటనే బడి మేడమీదికి వెళ్ళిపోండి. ఏరు పొంగుతోంది..."

అతను కిటికీలోంచి కిందికి చూశాడు. ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. పల్లపు వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. చూరు కింద ఎవరో తీరిగ్గా సిగరెట్ కాలుస్తున్నాడు. ఏటి వైపునుంచి హోరు అంతకంతకూ పెరుగుతోంది.

"ఎవరూ కదలట్లేదేంట్రా?"

"నువ్వు చెబుతూనే ఉండు," అని మెట్ల మీదుగా పరుగెత్తాడు.

మొదటి తలుపు తీసిన దర్జీ భార్య, "రేడియోనా? ఏడింటక్క మానేసిన రోజే కట్టేశాం బాబూ," అంది. రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఇంట్లో రేడియో అటకెక్కింది. తలుపులు బాదుతూ, అరుస్తూ వీధి చివరిదాకా వెళ్ళేసరికి గొంతు బొంగురుపోయింది. పది దాటింది, నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. నడవలేని ఒక ముసలాయనను దర్జీ, అతనూ కుర్చీతో సహా మోసుకొచ్చారు. వాళ్ళు బడి మెట్లెక్కాక వెనక్కి చూస్తే ఇంటి కప్పులే కనబడుతున్నాయి.

అక్క స్టూడియో నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. బడిలోని ఒక నోటు పుస్తకం తీసి, పల్లపు వీధిలోని ఇంటింటి పేర్లూ అందులో రాసుకుని చదవడం మొదలెట్టింది. పిలిచిన ప్రతి పేరుకూ ఎవరో ఒకరు పలికారు. చివరి పేరు రెండుసార్లు పిలిచినా జవాబు లేదు. మూడోసారి పిలిచాక వరండా చివర్నుంచి, "ఉన్నానమ్మా," అన్న ఓ ముసలి గొంతు వినబడింది.

ఇంజనీరు మెట్టు మీద కూలబడ్డాడు.

"వినేవాళ్ళు లేరని అమ్మేశానక్కా," అన్నాడు. "లేకుండా చేసింది నేనే."

కళ్ళు తుడుచుకోబోతే చేతులనిండా బురద. అక్క అతని పక్కన కూర్చుని, తన కొంగుతో అతని ముఖం తుడిచింది.