ఎర్రబోడులో కొలత

కొలతదారు శివగంగ కొలతకంబం మూడు కాళ్ల కింద రాళ్లు సర్ది, తలకట్టు మీద పేరుకున్న ఎర్రదుమ్మును కొంగుతో తుడిచింది. నీలంచుక్క వెలిగింది. లోపలినుంచి సూచీ, ఊళ్లలో పనులు లెక్కగట్టే సర్కారు యంత్రం, ఎప్పటిలాగే తొందర లేని గొంతుతో పలికింది.

"ఎర్రబోడు. కడియాలన్నీ అందుతున్నాయి. పనిచోట్లు కనిపించలేదు. ఉపాధికొలత ఆదివారం సాయంత్రం వరకు కొనసాగుతుంది."

'పనిచోట్లు కనిపించలేదు' అన్న మాట విని శివగంగ ఊపిరి పీల్చుకుంది. నిన్నటి నుంచి ఆమె కోరుకుంటున్నది ఆ మాటే.

ఊరి చుట్టూ కనుచూపు మేరా సూర్యఫలకాలే. వేరుశనగ పండిన నేల అది. ఇప్పుడక్కడ ఫలకాల మీద దుమ్ము తుడవడానికి పీతల్లా పాకే బ్రష్షులున్నాయి, వాటికి బువ్వ అక్కర్లేదు. ఊళ్లో మనుషులకు కావాలి. ఇంటింటికీ సర్కారు ఇచ్చిన బువ్వపెట్టె తెరుచుకోవాలంటే శ్రమగడియలు చూపాలి. శ్రమగడియలు జమ కావాలంటే పని ఇచ్చిన యజమాని ఒకడుండాలి. ఆ యజమాని ఎర్రబోడు దరిదాపుల్లో ఎక్కడా లేడు. చట్టం రాసినవాళ్లు మరీ దుర్మార్గులేం కాదు, పనులు దొరకని ఊళ్లలో పని అడగకుండానే బువ్వ పెట్టమని సడలింపు రాసే పెట్టారు. పనులు దొరకడం లేదని తేల్చే బాధ్యతను మాత్రం సూచీకి అప్పగించి చేతులు దులుపుకున్నారు.

చిక్కంతా అక్కడే వచ్చిపడింది. సూచీ మణికట్టు కడియాల్లోంచి చెమటను చదువుతుంది. కొందరు ఒకేచోట, ఒకే తీరుగా చెమటోడుస్తుంటే దాని దృష్టిలో అది పనిచోటు. ఎర్రబోడులో అలాంటివి ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి, ఎందుకంటే ఈ ఊరివాళ్లకు ముయ్యి అలవాటు. ఒకరి గోడ కూలితే ఊరంతా వెళ్లి లేపుతుంది. ఒకరి బావి పూడితే ఊరంతా దిగుతుంది. కూలి లేదు. నువ్వు నాకు వచ్చావు, రేపు నేను నీకొస్తాను, అంతే. కూలి ఇచ్చే యజమాని లేడు కాబట్టి ఆ కష్టం శ్రమగడియల్లో చేరదు. చెమట మాత్రం కనిపిస్తుంది కాబట్టి ఎర్రబోడు పనులున్న ఊళ్ల జాబితాలో చేరుతుంది. చేసిన పనికి బువ్వ రాదు, చేసినందుకు సడలింపూ రాదు. ఇంతకన్నా తెలివైన మూర్ఖత్వం శివగంగ ఎక్కడా చూడలేదు.

పోయిన కొలత తర్వాత ఊరివాళ్లను 'పనులుండీ చేయనివారు' అని సూచీ తేల్చింది. అప్పటినుంచి బువ్వపెట్టెలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. తెరుచుకునే పెట్టెల్లోంచే ఊరంతా పంచుకుని తింటోంది. ఈ కొలత కూడా అలాగే పోతే అవీ మూసుకుంటాయి.

అందుకే ఆమె కొలతదారు చేయకూడని పని చేసింది. ఆదివారం దాకా ఎవరూ నలుగురు కలిసి ఏ పనీ ముట్టుకోవద్దని ఇంటింటికీ తిరిగి చెప్పింది.

ఊళ్లోకి వెళ్లేసరికి జనమంతా అరుగుల మీద, నీడల్లో కూర్చుని ఉన్నారు. చేతులను ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియడం లేదు. ఊరికి పెద్దదిక్కు అయిన ఓబుళవ్వ ఆమెను చూసి నడుము పట్టుకుంది.

"యేం పాపా, కూర్చోని కూర్చోని నడుములు పట్టేసినాయి. బావిలో దిగి పూడిక తీసినప్పుడు కూడా ఇంత నొప్పి ల్యాకపోయె."

"ఆదివారం దాంక ఓర్చుకో అవ్వా."

"ఓర్చుకుంటాంలే. గోడ ముట్టొద్దంటివి, బావి ముట్టొద్దంటివి. ఊపిరన్నా పీల్చుకోవచ్చునా, దానికీ సడలింపు రావల్లనా?"

అరుగుల మీద నవ్వులు లేచాయి. శివగంగ కూడా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే చివరి ఇంట్లోంచి ఏడుపు వినిపించింది.

అది కుళ్లాయప్ప ఇల్లు. ఊళ్లో మొదట మూతపడింది అతని పెట్టే. దగ్గుతో మంచం పట్టిన మనిషి ముయ్యికి వెళ్లలేకపోయాడు, ఆ వెళ్లకపోవడాన్నే సూచీ పని ఎగ్గొట్టడంగా రాసుకుంది. ఇరుగుపొరుగు తెచ్చిచ్చిన ముద్దలో సగానికి పైగా భార్య సుంకమ్మ వైపు తోసేవాడని అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ ఏమీ చేయలేకపోయారు. సుంకమ్మ ఇప్పుడు గడపలో నిలబడి ఉంది.

"పలకల్యా. ఎంత పిలిచినా ఆయప్ప పలకల్యా."

ఆడవాళ్లు లోపలికి పరుగెత్తారు. మగవాళ్లు లేచి నిలబడ్డారు, కానీ కదల్లేదు. అందరి కళ్లూ శివగంగ మీదే ఉన్నాయి. ఎందుకో ఆమెకు అర్థమైంది. ఎర్రబోడులో శవానికి గుంత తవ్వడం కూడా ముయ్యే. ఇంటికొకరు చొప్పున వెళ్లి తవ్వుతారు. అది రాతినేల, ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు.

"ఆదివారం దాంక..." అని మొదలుపెట్టి, తన మాట తన చెవినే పడి సిగ్గుతో ఆగిపోయింది. పైన రాళ్లు పగిలే ఎండ, శవం ఆదివారం దాకా ఆగేది కాదు.

ఓబుళవ్వ కోప్పడలేదు. "పిల్లోళ్ల బువ్వ కత ఇది. నువ్వు చదువుకున్నదానివి. తవ్వొద్దంటే తవ్వం, తవ్వమంటే తవ్వుతాం. నువ్వే సెప్పు పాపా."

తిట్టి ఉంటే బాగుండేది. ఒక పక్క మనిషి శవం, మరో పక్క ఊరి బువ్వ. రెండింటినీ తెచ్చి తన చేతుల్లో పెట్టారు.

సుంకమ్మే తేల్చేసింది. ఇంటి వెనకనుంచి గడ్డపార తెచ్చుకుంది.

"ఒగరి చెమట లెక్కలోకి రాదంట గదా. నేనొకతినే తవ్వుకుంటా. మీరెవరూ రావద్దండి, మీ పెట్టెలు మూసుకుంటాయి."

ఆమె తూర్పుమిట్ట ఎక్కింది. గడ్డపార రాతిని తాకిన చప్పుడు ఊళ్లోకి వినిపించింది. ఒక దెబ్బ, కాసేపు ఆయాసం, మళ్లీ ఇంకో దెబ్బ. ఊరంతా చేతులు ముడుచుకుని వింటూ కూర్చుంది. ఆ ఊరు పుట్టాక అలా ఎప్పుడూ కూర్చుని ఉండదు.

"ఇది మనుషుల బతుకు కాదప్పా," అంటూ ఓబుళవ్వ పార అందుకుని మిట్టవైపు నడిచింది. ఆమె వెనక ఒకరు, ఆ వెనక ఇంకొకరు కదిలారు. చూస్తుండగానే అరుగులన్నీ ఖాళీ అయ్యాయి. శివగంగ ఎవరినీ ఆపలేదు. కంబం దగ్గరికి వెళ్లింది.

"పనిచోటు కనిపించింది," అంది సూచీ. "ఎర్రబోడు, తూర్పుమిట్ట. ధ్రువీకరించండి."

"అది పని కాదు. చచ్చిపోయిన మనిషికి గుంత."

"పని స్వభావంతో కొలతకు సంబంధం లేదు. యజమాని ఎవరు?"

ప్రతి కొలతలోనూ ఈ ప్రశ్న వస్తుంది. ప్రతిసారీ శివగంగ 'ఊరే' అనేది, సూచీ సరే అనేది, తన కోసం తాను చేసుకున్న పనికి గడియలు జమ కాకుండానే ఊరు పనులున్న ఊళ్లలో చేరిపోయేది. ఎన్ని ఊళ్లలో అలా అన్నదో. ఈసారి ఎదురు ప్రశ్న వేసింది.

"యజమాని అంటే ఎవరు? నీ లెక్కలో చెప్పు."

"ఎవరి వల్ల పని అవసరమైందో వారే యజమాని."

మిట్టమీద గడ్డపారలు మోగుతున్నాయి. శివగంగకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

"కుళ్లాయప్ప పెట్టె ఎవరు మూసినారు?"

"నేను."

"అయితే ఆ గుంత నీ వల్ల తవ్వాల్సి వచ్చింది. రాసుకో. యజమాని, సూచీ."

ధ్రువీకరణ పలకమీద బొటనవేలు గట్టిగా నొక్కింది. నీలంచుక్క ఆరి, వెలిగి, మళ్లీ ఆరింది. కొలతదారుగా ఇన్నేళ్లలో సూచీ జవాబుకు తడుముకోవడం ఆమె చూడలేదు.

"నమోదైంది. యజమాని, ఉపాధి సూచీ. తవ్వుతున్న అందరికీ శ్రమగడియలు జమ. ఎర్రబోడు బువ్వపెట్టెలు తెరవబడుతున్నాయి." కాస్త ఆగింది. "కొత్త నిర్ధారణ ప్రకారం పాత పనిచోట్లను సరిచూస్తున్నాను. గుండ్లవంక, ఉత్తరదిక్కు శ్మశానం. యజమాని, సూచీ. కొత్తబోడు, చెరువుగట్టు శ్మశానం. యజమాని, సూచీ. పాలవాగు. యజమాని, సూచీ."

శివగంగ ఫోను మోగింది. అవతల ఆమె పై అధికారి ఫకృద్దీన్ సార్. ఆయన వెనకనుంచి కూడా అదే తొందర లేని గొంతు ఊళ్ల పేర్లు చదువుతోంది.

"ఏం చేసినావమ్మా నువ్వు? జిల్లా అంతా పెట్టెలు తెరుచుకుంటాండాయి. ఇది ఆగల్యా. నీ వేలు పడితేనే చెరుగుతాది, తొందరగా చెరిపెయ్. ల్యాకపోతే నీ ఉద్యోగం నేను కాపాడలేను."

"ఎన్ని ఊళ్లయినాయి సార్?"

అవతలినుంచి ఇంకో ఊరి పేరు వినిపించింది.

"ఇంకా చదువుతానే ఉండాది," అన్నాడు ఆయన, మెల్లగా.

"చదవనీండి సార్."

ఫోను పెట్టేసి శివగంగ మిట్ట ఎక్కింది. సుంకమ్మ చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆమెను పక్కన కూర్చోబెట్టి, ఆ చేతుల్లోంచి గడ్డపార తీసుకుని గుంతలోకి దిగింది.