ఇది నా మొక్క కాదు

"అమ్మా, ఒక్కసారి ఇటు రావే! మొగ్గలు! నీ మొక్కకి మొగ్గలొచ్చాయి!"

వరండాలోంచి కొడుకు వేసిన కేకకి పెద్దావిడ చేతిలో కాఫీ తొణికి ఒళ్లో పడింది. ఆదివారం పొద్దున్నే, ఇంకా ముఖం కూడా సరిగ్గా కడుక్కోని కొడుకు, లాంచీ ఇంజన్లు రిపేరు చేసి చేసి గోళ్లలో నల్లగా పేరుకున్న జిడ్డుతో, రాంబుటాన్ మొక్క పక్కన నిలబడి పెళ్లికొడుకులా నవ్వుతున్నాడు. కోడలు చేతిలో పని వదిలేసి వచ్చి, "అబ్బ, ఎంత బాగున్నాయో!" అని రెండు చేతులూ జోడించింది. అప్పుడే చూసినట్టు అంది గానీ, ఆ చూపులో ఆశ్చర్యం పాళ్లు తక్కువైనట్టు పెద్దావిడకి అనిపించింది.

ఆమె కర్ర పోటేసుకుంటూ మెల్లగా వచ్చింది. కొమ్మ చివర్లలో పచ్చగా, గసగసాలంత మొగ్గలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన మొగ్గలవి. వాటిని చూడగానే ఎగిరి గంతేయాల్సిన మనిషి, మోకాళ్ల సంగతి అలా ఉంచితే, కనీసం నవ్వనైనా నవ్వలేదు. కళ్లజోడు సవరించుకుని, మొక్కని కాకుండా కొడుకు ముఖాన్ని చూసింది.

"ఇంత తొందరగా ఎలా వచ్చాయిరా?"

"తొందరేమిటమ్మా, ఎన్నేళ్లయింది!" అంటూ కొడుకు చెవి తమ్మె లాక్కున్నాడు. అబద్ధం నోట్లోకి రాగానే చెయ్యి చెవి మీదికి పోవడం వాడికి పలక పట్టుకున్న రోజుల నుంచీ ఉన్న అలవాటే. పెద్దావిడ అది గమనించి కుర్చీలో కూలబడింది.

వాళ్లది సముద్రపు గాలి తగిలే ఊరు. ఎండలు మరీ మండవు, చలి మరీ కొరకదు. మనుషులకి హాయిగా ఉండే ఇలాంటి చోట, వేడి దేశాల పండ్ల మొక్కలకి మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. చలికాలం రాత్రి ఒక్కటి ఎక్కువ చల్లబడినా ఆకులు మాడిపోతాయి. ఉప్పుగాలి తగిలితే అంచులు ఎర్రబడతాయి. అందుకే పెద్దావిడ వాటిని అద్దాల వరండాలో పెట్టి, పసిపిల్లలకి చేసినట్టు చాకిరీ చేసేది. ఉన్నవాటిలో ఆమెకి ప్రాణం రాంబుటాన్. ఎర్రటి తొక్క మీద జుట్టు మొలిచినట్టుండే ఆ పండుని ఓడలకి రంగులేసే ఆమె భర్త చివరిసారి రేవు నుంచి తెచ్చాడు. ఇద్దరూ చెరిసగం తిన్నారు. ఆ గింజని ఆమె కుండీలో పెట్టింది. గింజ నుంచి వచ్చింది మగమొక్క కావచ్చని, అలా అయితే ఎప్పటికీ కాయదని తెలిసినవాళ్లు చెబితే, "కాయకపోతే ఏం? నాలాగే పనీపాటా లేకుండా నీ పక్కన నిలబడి ఉంటుంది" అని ఆయన నవ్వాడు. ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు.

పెద్దావిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. ఊళ్లో ఎవరి నంబరైనా నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేది. ఆఫీసులో అందరూ ఆమెని డైరెక్టరీ అనేవాళ్లు. అంత జ్ఞాపకశక్తి ఉన్న మనిషికి, మోకాళ్ల ఆపరేషన్ అయి, చలికాలంలో కొన్ని వారాలు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చిన రోజే, తన మొక్క తనది కానట్టు కనిపించింది. ఆకుల పచ్చదనం వేరు. కొమ్మలు విచ్చుకున్న తీరు వేరు. కిటికీ వైపు కాస్త ఒరిగి ఉండే మొక్క, సైనికుడిలా నిటారుగా నిలబడింది.

"ఇది నా మొక్కేనా?" అని ఆ రోజే అడిగింది.

"అదేంటమ్మా, నీ మొక్కని నువ్వే గుర్తుపట్టలేదా? మత్తుమందు ప్రభావం కొన్నాళ్లు అలా ఉంటుందట" అన్నాడు కొడుకు. ఎంత తేలిగ్గా అన్నాడో!

అక్కడితో ఊరుకునే మనిషి కాదు ఆమె. కిందటేడు మొక్క పక్కన నిలబెట్టి నాకు ఫోటో తీశావుగా, అది చూపించరా అంది. ఆ ఫోన్ పాడైందని వాడు నీళ్లు నమిలాడు. కోడలికి కళ్లజోళ్ల షాపుంది. నా చూపులో ఏమైనా తేడా ఉందేమో చూడమ్మా అంటే, ఆ పిల్ల షాపుకి తీసుకెళ్లి, అక్షరాలన్నీ చదివించి, "మీ కళ్లకేం అత్తయ్యా, నాకంటే మీకే బాగా కనిపిస్తోంది" అని ముఖం తిప్పుకుంది. ఆ మాటకి సంతోషించాల్సింది పోయి పెద్దావిడ ఇంకా దిగులు పడింది. కళ్లు బాగానే ఉన్నాయంటే మరి తేడా ఎక్కడున్నట్టు?

అప్పటి నుంచీ ఇంట్లో ఆమెకి అన్నీ అనుమానంగానే కనిపించాయి. తను వంటగదిలో అడుగు పెట్టగానే మొగుడూ పెళ్లాల మాటలు ఠక్కున ఆగిపోయేవి. మొక్కకి నీళ్లు పోయబోతే, "మీరెందుకు వంగుతారు, నేను పోస్తాగా" అని కోడలు పరుగెత్తుకొచ్చేది. ఆ ఆరాటం ప్రేమో కాపలాయో తెలిసేది కాదు. కొన్ని రోజులు వాళ్లని అనుమానించింది. తర్వాత్తర్వాత, కన్నకొడుకునీ, కడుపులో పెట్టుకుని చూసుకునే కోడలినీ అనుమానించడం కంటే తనని తాను అనుమానించుకోవడమే న్యాయమనిపించింది. చివరికి తనే నోరు తెరిచి, నన్ను మతిమరుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి అని అడిగింది. రేపే వెళ్లాలి. అడిగిన రోజు కోడలి ముఖం పాలిపోయింది. పాపం, నా గురించి బెంగ పెట్టుకుందని పెద్దావిడ జాలిపడింది.

ఇప్పుడేమో ఈ మొగ్గలు!

"ఏమైందమ్మా, అలా చూస్తున్నావు? ఇక ఆ డాక్టరూ గీక్టరూ ఎందుకు? నీ మొక్క పూసింది, నీ దిగులు పోయింది" అన్నాడు కొడుకు హుషారుగా.

"నా దిగులుకీ పువ్వులకీ ఏమిట్రా సంబంధం?"

పెద్దావిడ ముందుకి వంగి కుండీలోకి చూసింది. మట్టి అంచుదాకా ఉంది. మొదలు చుట్టూ గుట్టలా పోసి ఉంది. ఆమె ఎప్పుడూ కుండీ నిండా మట్టి పోయదు. మొదలు మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుందని పక్కింటివాళ్లకి కూడా పాఠాలు చెప్పేది. ఇన్నాళ్లూ కింద కూర్చోలేక, కర్ర మీద నిలబడి ఆకులే చూసింది తప్ప మొదలు చూడలేదు.

"అమ్మాయ్, ఆ పీట ఇలా జరిపి, ఒక స్పూను తీసుకురా."

"స్పూనెందుకు అత్తయ్యా?"

"మొక్కకి గోరుముద్దలు తినిపిస్తాను. తీసుకురా."

కోడలు మొగుడి వంక చూసింది. మొగుడు నేల వంక చూశాడు. స్పూను వచ్చింది. పెద్దావిడ మూలుగుతూ పీట మీద కూర్చుని, మొదలు దగ్గర మట్టి కొంచెం కొంచెంగా తోడసాగింది.

"మట్టి కదిపితే మొగ్గలు రాలిపోతాయేమో అత్తయ్యా..."

"రాలితే రాలనీ."

"అమ్మా, నేను చేస్తా ఉండు, నీ మోకాళ్లు..."

"నా మోకాళ్ల జోలికి రాకు. అక్కడే నిలబడు."

జానెడు లోతుకి వెళ్లేసరికి స్పూను దేనికో తగిలింది. పెద్దావిడ వేళ్లతో మట్టి తుడిచింది. కాండం అక్కడ బొడిపెలా ఉబ్బి, పక్కకి వంకర తిరిగి, మళ్లీ నిటారుగా లేచింది. కింద బెరడు ఒక రంగు, పైన ఒక రంగు. పాత ప్లాస్టిక్ టేపు ముక్క ఇంకా దాన్ని పట్టుకుని ఉంది.

"ఇదేమిటి?" అంది నెమ్మదిగా.

"ముడి అమ్మా. చెట్లకి వస్తాయిగా ముడులు..." కొడుకు చెయ్యి మళ్లీ చెవి మీదికి వెళ్లింది.

"చెయ్యి దించు." ఆ గొంతుకి వాడి చెయ్యి చప్పున దిగింది. "ఇది ముడి కాదురా. అంటు కట్టిన అతుకు. ఒక మొక్క కొమ్మని ఇంకో మొక్క మొదలుకి కట్టి పెంచితే ఉండే అతుకు. నేను నా చేత్తో గింజ పెట్టి మొలిపించాను. నా మొక్కకి అతుకు ఎక్కడి నుంచి వచ్చింది?"

వంటగదిలో పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు వినిపించింది. ఎవరూ కదల్లేదు.

"చచ్చిపోయింది అత్తయ్యా" అంది కోడలు. అని, తేలుకుట్టిన దొంగలా నిలబడ్డ మొగుడిని కూడా చూడకుండా, అన్నీ చెప్పేసింది. "మీరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక రాత్రి బాగా చలేసింది. పైనుంచి కిందిదాకా ప్లాస్టిక్ కవరు కప్పాం. పొద్దున ఈయన తీస్తారని నేను, నేను తీస్తానని ఈయన, ఎవరి పనికి వాళ్లం వెళ్లిపోయాం. ఆ రోజు ఎండ కాసింది. సాయంత్రం వచ్చి చూస్తే కవరు నిండా ఆవిరి. ఆకులన్నీ ఉడికిపోయాయి. ఆపరేషన్ మనిషికి ఈ మాట ఎలా చెప్పడం? ఊళ్లన్నీ తిరిగి అలాంటిదే కొన్నాం. అది కాస్త పొడుగైంది. మీది కిటికీ అంచు దాకే ఉండేదిగా, అందుకని ఈయన లోతుగా పాతి మట్టి పోశారు. అంటు అంటే మంచి రకం, తొందరగా కాస్తుంది అని నర్సరీవాళ్లు అన్నారే గానీ, మీ మొక్కకి అతుకు ఉండదని మాకేం తెలుసు?"

"నువ్వు కోలుకున్నాక చెబుదామనుకున్నామమ్మా. కానీ వచ్చిన రోజే అడిగావు. నా నోట్లోంచి అలా వచ్చేసింది. తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాను. పూలు పూస్తే నువ్వే మర్చిపోతావనుకున్నాను" అన్నాడు కొడుకు.

పెద్దావిడ స్పూను కింద పెట్టింది. అరుస్తుందనుకున్నారు. అరవలేదు.

"మొక్క పోయిందని చెబితే ఏడ్చేదాన్ని. నాలుగు రోజులు అన్నం మానేసేదాన్ని. ఆ మాత్రం ఏడుపు నాకు చేతకాదనుకున్నారా? ఆయన పోతేనే బతికాను." ఆమె కోడలి వైపు తిరిగింది. "నేను స్టవ్ వెలిగించడం ఎందుకు మానేశానో తెలుసా?"

"మోకాళ్ల నొప్పులని..."

"కట్టెయ్యడం మర్చిపోతే మీరిద్దరూ కాలిపోతారని. వీధిలోకి ఒంటరిగా వెళ్లడం ఎందుకు మానేశాను? తిరిగి రావడం తెలియదేమోనని. పొద్దున్నే మంచం మీద కూర్చుని పాత ఫోన్ నంబర్లన్నీ వరసగా చెప్పుకుంటాను. ఒక్కటీ తప్పు పోదు. అన్నీ గుర్తున్నాయి, మరి నా మొక్క ఎందుకు గుర్తులేదు? ఒకవేళ నాకు గుర్తున్నవన్నీ తప్పేనేమో! మీ మామయ్య గొంతు, ఆయన నవ్వు, ఆ పండు తిన్న రోజు, అవి కూడా నేను తప్పుగా గుర్తుపెట్టుకున్నానేమో! రాత్రిళ్లు ఆయన ముఖం తలుచుకోవడానికే భయపడ్డానమ్మా. ఈ ముఖం ఆయనదేనా అని."

ఎదుటివాళ్ల కళ్ల ముందు రోజంతా అద్దాలు మార్చి మార్చి, ఇప్పుడు బాగుందా, ఇప్పుడు బాగుందా అని అడిగే పిల్ల కోడలు. ఈ మనిషి కళ్లు చక్కగా ఉన్నాయని తెలిసీ, ఆమె చూసింది అబద్ధమని నమ్మించింది. అది గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నేల మీద చతికిలబడింది. కొడుకు గోడ వైపు తిరిగి భుజాలు కదిలేలా ఏడ్చాడు. అంత మనిషి అలా ఏడుస్తుంటే పెద్దావిడ చెయ్యి చాపబోయింది. అయినా వెంటనే ఓదార్చలేదు. కాసేపు ఏడవనిచ్చింది.

"దాన్ని ఏం చేశారు?" అని చివరికి అడిగింది.

"ఈయన పారేయమన్నారు. నాకు చేతులు రాలేదు. షాపు వెనక గదిలో పెట్టుకున్నాను. చిగురు వేస్తుందేమోనని రోజూ నీళ్లు పోస్తున్నాను" అంది కోడలు వెక్కుతూ.

"లేవండి. చూద్దాం పదండి."

షాపు రెండు వీధుల అవతల ఉంది. అటు కొడుకు, ఇటు కోడలు పట్టుకుంటే, కర్ర పోటేసుకుంటూ పెద్దావిడ నడిచింది. ఆదివారం కాబట్టి షట్టరు మూసి ఉంది. కోడలు తాళం తీసి, అద్దాల అలమరాల మధ్య నుంచి వెనక గదిలోకి తీసుకెళ్లింది. అక్కడ కిటికీ దగ్గర, తడి మట్టిలో, ఒక ఎండుపుల్ల ఒక పక్కకి ఒరిగి నిలబడి ఉంది.

పెద్దావిడ పక్కనున్న స్టూలు మీద కూర్చుని, దాని కింద నుంచి పైదాకా చెయ్యి పోనిచ్చింది. మొదలు నున్నగా, అతుకు లేకుండా ఉంది. బొటనవేలి గోరుతో బెరడు కొంచెం గీకింది. లోపల పచ్చదనం లేదు. ఇంకొంచెం కిందికి వెళ్లి గీకింది. అక్కడా లేదు. మట్టి ఆనుకునే దాకా గీకి చూసి, గోరు కొంగుకి తుడుచుకుంది.

"ఇక రాదమ్మా. నీళ్లు పోయకు" అంది.

కోడలు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, ఒళ్లో తల పెట్టేసింది. "మీరేమీ మర్చిపోలేదు అత్తయ్యా. మీకు అన్నీ సరిగ్గానే గుర్తున్నాయి. మేమే అబద్ధం చెప్పాం."

"ఏమన్నావు?"

"మీరేమీ మర్చిపోలేదు. మేమే అబద్ధం చెప్పాం."

ఇన్నాళ్లూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది పెద్దావిడకి. మొక్క కోసం, మొగుడి కోసం, తిరిగి తన చేతికొచ్చిన తన బుద్ధి కోసం, అన్నీ కలగలిసి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే కోడలి తల నిమిరింది.

"ఇంకోసారి చెప్పమ్మా" అంది.

కోడలు ఇంకోసారి చెప్పింది.