ఆకలికి చావని క్రిమి

"ఈ ఫోటోలో ఏముంది?" అడిగాడు చీఫ్.

"మట్టి," అన్నాడు ఉడుము. పట్టిన పని వదలడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది.

"అడవి మట్టి. అందులోని బ్యాక్టీరియా అరకొర తిండితోనే బతుకుతుంది. శుద్ధి చేసిన నీళ్లలో మామూలు క్రిములు తిండిలేక చస్తాయి. ఇది చావదు. విదేశీ ముఠా దానిలో విషం ఊరేలా మార్చింది. ఉన్నది ఒక్కటే ఫ్లాస్క్. సాయంత్రం వ్యానెక్కి నగరం రిజర్వాయర్‌కి వెళ్తుంది."

"చంపాలంటే?"

"యాసిడ్ పెన్ను ఇస్తాం. అయినా కటిక దరిద్రంలో పెరిగింది కదా, దానికి సుఖం పడదు," అని చీఫ్ తన జోక్‌కి తనే నవ్వుకున్నాడు. "వాళ్ల ల్యాబ్ లోపల మన ఏజెంట్ ఉంది, 'భోంచేశారా?' అంటుంది. 'ఇంకా లేదు' అనాలి."

ఉడుము నవ్వలేదు. ఆ నగరంలోనే వాళ్లక్క కాపురం.

మధ్యాహ్నం ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌కి వెళ్లాడు. ఎదురొచ్చిన డాక్టరమ్మ అందానికి వచ్చిన పని ఒక్క క్షణం మర్చిపోయాడు.

"భోంచేశారా?"

"ఇంకా లేదు."

ఫ్లాస్క్ ఉన్న గదిలోకి పంపి, టూల్ బ్యాగ్ లాక్కుని, బయటినుంచి తలుపు బిగించేసింది. పెన్ను ఆ బ్యాగ్‌లోనే ఉంది.

తలుపుకున్న మందపాటి అద్దం అవతల ఆమె పక్కన ముఠా నాయకుడు ప్రత్యక్షమయ్యాడు.

"కావాలంటే ఫ్లాస్క్ పగలగొట్టుకో," స్పీకర్లో అతని గొంతు. "నీ కాళ్లకింద డ్రెయిన్ తిన్నగా రిజర్వాయర్‌లోకే. మాకు వ్యాన్ ఖర్చు తప్పుతుంది."

"చంపే మందులన్నీ తీయించేశాను సార్," అందామె. "తిండి సీసాలు మాత్రం వదిలేశాను."

ఇద్దరూ వెళ్లిపోయారు. గది ఉడికిపోతోంది. కిటికీ లేదు. తలుపుని భుజం వాచేదాకా గుద్దాడు. నమ్మించి గొంతు కోసిందని ఒళ్లు మండింది. అక్క కుళాయి తిప్పి నీళ్లు పట్టుకోవడం కళ్లముందు మెదిలి, నిజంగానే ఏడుపొచ్చింది.

తిండి సీసాల ఊసు ఎందుకెత్తింది?

అల్మరాలో మామూలు క్రిముల్ని పెంచే బ్రాత్ ఉంది. మాంసం సారం, చక్కెర కలిపిన చిక్కటి ద్రవం. సుఖం పడదన్న చీఫ్ మాట గుర్తొచ్చింది. ఫ్లాస్క్ దూది బిరడా తీసి నిండా పోశాడు. చస్తుందో, బలుస్తుందో! ఇక చేయగలిగింది కూర్చోవడమే.

సాయంత్రం బయట వ్యాన్ హారన్ మోగింది. నాయకుడు పిస్టల్‌తో వచ్చి, ఒక చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టాడు.

"ఒక్కటీ కదలట్లేదు!"

పిస్టల్ ఉడుము నుదుటికి గురిపెట్టాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగుస్తుండగా అతని మెడకి వెనకనుంచి ఇంకో పిస్టల్ తగిలింది.

"కింద పడేయండి సార్," అంది డాక్టరమ్మ. తర్వాత ఉడుముతో, "ఈయన నన్ను ఫ్లాస్క్ దగ్గర ఒంటరిగా వదల్లేదండీ. మిమ్మల్ని పట్టిస్తేగానీ నమ్మలేదు. ఏమనుకోకండి. పదండి, భోంచేద్దాం."

"వద్దు తల్లీ," అన్నాడు ఉడుము చెమట తుడుచుకుంటూ. "కడుపు నిండా తిన్నవాళ్ల గతి మధ్యాహ్నం నుంచీ చూస్తూనే ఉన్నా."