నాన్న నిద్రకు సరిపడా కరెంటు

"ఇండక్షన్ స్టవ్ పెడితే సాయంత్రానికే బ్యాటరీ పండుకుంటది మేడం. గ్యాస్ పెట్టుకోండ్రి."

పంజాగుట్టలో సోలార్ సామాన్ల షాపు నడిపే భానుచందర్, హైందవితో అన్న మొదటి మాట అదే. ఆమెకు అస్సలు నచ్చలేదు. షాపువాడు ఏం కావాలో అడగాలి గానీ, ఏం వద్దో చెప్పడమేంటి అనుకుంది.

హైందవి అమ్మానాన్నలతో అమీర్‌పేటలో ఉంటుంది. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. మెట్రో కొత్తగా నడుస్తున్న ఆ రోజుల్లో ఒక పాత టెంపో ట్రావెలర్ కొని, సనత్‌నగర్‌లోని వర్క్‌షాపులో దాన్ని చిన్న ఇల్లుగా మార్పిస్తోంది. పడకలు, ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు. కరెంటు స్తంభమే లేని చోట కూడా అవన్నీ నడవాలి. అందుకే వ్యాన్ పైన సోలార్ ప్యానెళ్ళు, లోపల బ్యాటరీ పెట్టించడానికి వచ్చింది.

మిక్సీ కూడా వద్దన్నాక ఆమెకు ఒళ్ళు మండింది. "పోనీ, రాత్రంతా నడవాల్సిన మెషీన్ ఒకటుంది. దానికైనా సరిపోతుందా?" అంది.

"ఏం మెషీన్?"

"మా నాన్నగారికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. మాస్కు పెట్టి గాలి పంపే మెషీన్."

భానుచందర్ చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. "గీ మాట ముందుగాల చెప్పాలె కదా మేడం. కూసోండ్రి."

హైందవి నాన్న కృష్ణమోహన్ గారు సర్వే శాఖలో రిటైరయ్యారు. ఉద్యోగమంతా డేరాల్లో, కొండల మీద పడుకున్న మనిషి. మెషీన్ వచ్చాక మాత్రం ఇల్లు కదలడం మానేశారు. సొంత తమ్ముడి కూతురి పెళ్ళికి కూడా పొద్దున వెళ్ళి చీకటి పడేలోగా వచ్చేశారు. ఓపిక లేదని పైకి అంటారు గానీ, ఎక్కడైనా నిద్రలో కరెంటు పోతే ఎలా అన్నదే ఆయన భయం. ఆయన్ని మళ్ళీ ఒకసారి ఆరుబయట నిద్రపుచ్చాలని హైందవి పంతం.

ఇదంతా విన్న తర్వాత భానుచందర్‌కు అది మామూలు ఆర్డర్‌లా అనిపించలేదు. సాయంత్రాలు షాపు మూసి సనత్‌నగర్ వచ్చేవాడు. ఆమె ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వచ్చేది. ప్రతిదానికీ అతను వద్దంటుంటే, ఫోన్లో అతని పేరు "వద్దు గారు" అని సేవ్ చేసుకుంది. ఒకరోజు ఆమె ఫోన్ అతని చేతిలో ఉండగా, అతని ఫోన్ నుంచి పొరపాటున దానికే కాల్ వెళ్ళి, తెర మీద ఆ పేరు కనిపించడంతో సంగతి బయటపడింది. అతను నవ్వాడు గానీ ఆ రోజంతా వద్దు అనే మాట రాకుండా మస్తు కష్టపడ్డాడు.

అతనూ ఇంజినీరింగ్ చదివినవాడే. సిరిసిల్ల నుంచి జావా నేర్చుకుందామని మైత్రీవనం వచ్చి, క్లాసులో కూర్చుని కిటికీలోంచి ఎదుటి మేడ మీద ప్యానెళ్ళు బిగించేవాళ్ళనే చూసేవాడినని చెప్పాడు. ఆమెకు ఎందుకో ఆ మాట చాలా నచ్చింది.

హైందవి ఊరుకునే రకం కాదు. ప్లగ్గుకు తగిలించే మీటరు ఒకటి కొని, నాన్న మెషీన్ ఎంత కరెంటు తింటోందో రాత్రుళ్ళు కొలిచింది. గాలి పంపే మోటారు తినేది తక్కువే. గాలిలో తేమ కోసం నీళ్ళు వేడిచేసే భాగమే సగానికి పైగా తినేస్తోందని తేలింది. అవసరమైతే ఆ భాగం ఒకటి రెండు రాత్రులు ఆపొచ్చని, గొంతు ఎండడం తప్ప ప్రమాదమేమీ లేదని డాక్టరు చెప్పారు.

"మీరు మా షాపుల చేరుండ్రి," అన్నాడు భానుచందర్ మెచ్చుకోలుగా.

గొడవ ప్రయాణానికి ముందురోజు వచ్చింది. ఇంజన్ నడిచేటప్పుడు సోలార్ బ్యాటరీకి కూడా ఛార్జ్ ఎక్కించే పరికరం ఇంకా రాలేదు. వానాకాలం, ఎండను నమ్మలేం, అది వచ్చేదాకా జర ఆగండి అన్నాడతను. సెలవు దొరికింది, నాన్న ఎట్టకేలకు సరేనన్నారు, ఇప్పుడు ఆపితే ఆయన మళ్ళీ కదలరు అని ఆమె.

"నా మాట వినుండ్రి. పోవద్దు."

"మీరు షాపువారా, మా ఇంటి పెద్దా?"

అతను చేతిలో పని ఆపేశాడు. పానాలు, స్క్రూడ్రైవర్లు సంచిలో సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆమె వెనక్కి పిలవలేదు.

మర్నాడు హైందవి అమ్మానాన్నలతో బయలుదేరింది. సాగర్ జలాశయం వెనకవైపు నీళ్ళ ఒడ్డున మొదటి రోజు ఎండ ధారాళంగా కాసింది. కృష్ణమోహన్ గారు పంచె ఎగ్గట్టి నీళ్ళ దాకా నడిచారు. మాస్కు పెట్టుకుని, కిటికీలోంచి చుక్కలు చూస్తూ నిద్రపోయారు. అది చూసి హైందవి అమ్మ నాగేశ్వరి గారు కళ్ళు తుడుచుకున్నారు.

రెండో రోజు తెల్లవారేసరికి మబ్బు కమ్మేసింది. తర్వాత వాన. నల్లరేగడి మెత్తబడి వ్యాన్ చక్రాలు సగానికి దిగిపోయాయి. బ్యాటరీ చూపించే అంకె పడిపోతూనే ఉంది. అంత వేగంగా ఎందుకు పడుతోందో హైందవికి అర్థం కాలేదు. చివరికి నాగేశ్వరి గారు నెమ్మదిగా ఒప్పుకున్నారు: చీరల మడతల్లో ఎలక్ట్రిక్ కెటిల్ దాచి తెచ్చుకున్నారట. పొద్దున్నుంచీ కాఫీలన్నీ దాంట్లోనే.

హైందవి కెటిల్ ప్లగ్గు పీకేసింది. వానలో గొడుగు పట్టుకుని, సిగ్నల్ దొరికే గట్టు దాకా వెళ్ళి ఫోన్ చేసింది.

"భానుచందర్ గారూ, ఈ రాత్రికి చాలేలా లేదండీ." బ్యాటరీ చూపిస్తున్న అంకె చెప్పింది.

అతను ఎందుకు వెళ్ళారని అడగలేదు. ఫ్రిజ్ ఆపమన్నాడు. ఇన్వర్టరే పూర్తిగా ఆపేయమన్నాడు, అది ఊరికే ఉన్నా కరెంటు తింటుంది. మెషీన్‌ను నేరుగా బ్యాటరీకి కలిపే వైరు డ్రైవరు సీటు కింద ఉందన్నాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. ఇంకో బ్యాటరీ తీస్కొని నేనొస్తున్న." అంతలో లైన్ కట్టయింది.

సీటు కింద నిజంగానే వైరు ఉంది. కొత్తది, ప్లాస్టిక్ కవరులో. అంత గొడవ పడి వెళుతూ కూడా పెట్టి వెళ్ళాడన్నమాట. ఆమె ఆ కవరును చింపకుండా మెల్లగా విప్పింది.

చీకటి పడింది. అతను రాలేదు. దారిలో వాగు పొంగిందని గొర్రెలు తోలుకెళ్ళే ఒకాయన చెప్పాడు. ఇక ఎవరి కోసమూ చూడకుండా హైందవి లైట్లన్నీ ఆపేసింది. నీళ్ళు వేడిచేసే భాగం ఆపి, వైరు బిగించి, నాన్న ముఖానికి మాస్కు సర్దింది. గొంతు ఎండుతుంది నాన్నా, ఏమీ అనుకోకు అంటే, డేరాల్లో ఇంతకంటే దుమ్ము తిన్నానులేవే అని ఆయన నిద్రలోకి జారుకున్నారు.

తెల్లవారింది. మెషీన్ ఇంకా సన్నగా గాలి పంపుతూనే ఉంది. బ్యాటరీలో ఆమె అనుకున్నదానికంటే ఎక్కువే మిగిలింది. కృష్ణమోహన్ గారు లేచి, మాస్కు తీసి, మంచినీళ్ళు అడిగారు. హైందవి గ్లాసు అందించి, బయటికొచ్చి వ్యాన్‌కు ఆనుకుని తనివితీరా ఏడ్చింది. గుండెల మీది బరువు దిగిపోయిన ఏడుపు.

కళ్ళు తుడుచుకుంటుంటే గట్టు మీద ఎవరో కనిపించారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బ్యాటరీ భుజాన పెట్టుకుని, బురదలో జారుతూ వస్తున్నాడు భానుచందర్. రాత్రంతా వాగుకు అవతల కారులో కూర్చున్నాడట. నీళ్ళు తగ్గగానే కారు అక్కడే వదిలి నడిచాడు.

"నాన్నగారు ఎట్లున్నరు?"

"హాయిగా పడుకుని లేచారు. కాఫీ తాగుతున్నారు. గ్యాస్ మీద కాచిందే."

అతను బ్యాటరీ దింపి దాని మీదే కూలబడ్డాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"ఆ రోజు నేను అలా అనాల్సింది కాదు," అంది హైందవి.

"మీరు అడిగింది కరెక్టే. షాపాయనకు గింత పరేషాన్ ఎందుకని రాత్రంతా నన్ను నేను సుత అడుగుకున్న."

"జవాబు దొరికిందా?"

"దొరికింది." తలెత్తి ఆమెను చూశాడు. "మీరంటే నాకు మస్తు ఇష్టం హైందవి గారూ. చెప్పే ధైర్యం లేక గన్నిసార్లు వద్దు వద్దన్న. పని అయిపోతే మీరు మళ్ళ రారు కదా."

ఆమెకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. "నాకు నిన్న వైరు దొరికినప్పుడే తెలిసిపోయింది. మీరే ఆలస్యం."

మధ్యాహ్నానికి ఎండ వచ్చింది. దగ్గరి ఊరి నుంచి ట్రాక్టరు వచ్చి వ్యాన్‌ను లాగింది. వాగు దాటాక భానుచందర్ తన కారులో వెనకే వచ్చాడు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో కూడా ఆ వ్యాన్‌ను వదల్లేదు.

ఇంట్లో నాగేశ్వరి గారు అతనికి అన్నం పెడుతూ, సిరిసిల్లలో ఎవరెవరున్నారని, అమ్మగారు ఎప్పుడు హైదరాబాద్ వస్తారని వరసగా అడిగారు. అతను తలొంచుకుని జవాబు చెప్పాడు. కృష్ణమోహన్ గారు అంతా విన్నారు.

"మళ్ళీ ఎప్పుడు వెళ్దామయ్యా?" అన్నారు చివరికి.

"మీరెప్పుడంటే అప్పుడే సార్."

"ఆ సార్ అనడం మాత్రం మానెయ్."

"మరి ఏమనాలె సార్?"

ఆయన కూతురి వైపు చూశారు. హైందవి మజ్జిగ గ్లాసు అతని ముందు పెట్టి, తల ఎత్తకుండానే నెమ్మదిగా చెప్పింది.

"మా వైపు మావయ్యగారు అంటారు."