రెండో దండం

ఆవులు ఇళ్ల కప్పులెక్కిన వరదకు మరుసటి ఏడు మాట ఇది.

వరద రోజున, మా కురే ఊరి సంతలో నూడుల్స్ అమ్మే మాల్‌సున్ వాళ్ల సోయా ముద్ద ఊరబెట్టే జాడీని నేను వీపున మోశాను. ఆమెకు భర్త లేడు, నాకు భార్య లేదు. అంతకుముందు మాకు మాటల్లేవు. బురదలో కాలు జారి ధభీమని కూలబడ్డాను. జాడీకి గీత కూడా పడలేదు.

"ముందు జాడీ ఇటివ్వు," అందామె. తర్వాత నన్ను చూసింది. "నువ్వూ లేస్తావా, పడవను పిలవనా?"

నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది. నడుము కింద, తుంటి ఎముక వెన్ను అడుగున కలిసే చోట, ఒక కీలు పని కూడా అయిపోయింది.

ఆ తర్వాత రోజూ ఆమె కొట్లోనే నిలబడి తినేవాణ్ణి. కూర్చుంటే ఆ కీలు పొడిచేది.

"ఏవయ్యా డొక్‌చుల్, బెంచీ కరుస్తుందా?"

"బాగానే ఉంది."

"నీ నోట్లోంచి మాట తీయాలంటే పట్టకారు కావాలి!"

చలికాలం చివర పెళ్లి మాట ఆమే తేల్చేసింది. "మా అమ్మకు దండం పెట్టు. ఆవిడ సరేనంటే నాకూ సరే."

తొంభై దాటిన పెద్దావిడ చాప మీద కూర్చుంది. మోకాళ్లు వంచాను. నుదురు నేలకు ఆనేలోపే కీలు కలుక్కుమంది. పక్కకు ఒరిగి, గోడవారగా ఉన్న ఆ సోయా జాడీనే కౌగిలించుకున్నాను. సిగ్గేసింది. లేచి, ఈసారి సరిగ్గా పెడదామని మళ్లీ వంగాను.

పెద్దావిడ మాల్‌సున్ వైపు తిరిగింది.

"ఏమే, నేనెప్పుడు చచ్చానే?" అంది పెద్దావిడ. "బతికున్నదానికి ఒకటే దండం. రెండు పెట్టేది చచ్చినవాళ్లకు! పొమ్మను వీణ్ణి!"

"మొదటిది దండం కాదమ్మా, పడిపోయాడు."

"పడిపోయేవాడితో పెళ్లేమిటే?"

గుమ్మం బయట మాల్‌సున్ నా చొక్కా పట్టుకుంది. "ఎప్పట్నుంచి ఈ నొప్పి?"

"వరద నుంచి."

"జాడీ మోసినందుకా? మూగమొహమా, చెప్పవేం?"

"నువ్వడగలేదు."

పట్నం ఆసుపత్రికి లాక్కెళ్లింది. డాక్టరు వేలితో ఒక్కచోట నొక్కాడు. నా జన్మలో అంత గట్టిగా అరవలేదు. కీల్లోకి సూది మందు వేస్తే కాసేపు నొప్పి మాయమైంది.

"దొంగ దొరికాడు, ఈ కీలే," అన్నాడు.

కసరత్తు చేయించారు. మళ్లీ సూది వేశారు. లాభం లేకపోయింది. "పెద్ద కోత అక్కర్లేదు. బొటనవేలంత కోతలోంచి లోహపు మేకులు దించి కీలు కదలకుండా బిగిస్తాం," అన్నాడు.

"దండం పెట్టొచ్చా?"

"ఎముక అతుక్కున్నాక పెట్టు. ఒక్కటే."

మాల్‌సున్ అప్పటికే కథంతా చెప్పేసింది.

ఆపరేషన్ అయ్యింది. వానలు వెలిసి, పెర్సిమన్ పళ్లు ఎర్రబడ్డాక, డాక్టరు సరేనన్నాక, మళ్లీ వెళ్లాం.

"ఈసారి నేను లెక్కపెడతా," అంది పెద్దావిడ.

వంగాను. నుదురు ఆనింది. నొప్పి లేదు. లేవబుద్ధి కాలేదు.

"వీడు లేవడేమే? ఇప్పుడు నేను వీడికి రెండు పెట్టాలా?"

"మీ అమ్మాయిని ఇస్తానంటే లేస్తాను," అన్నాను నేలతోనే.

మాల్‌సున్ నోరు తెరిచింది. నేను అంత పొడుగు మాట అనడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"అరవై ఏళ్లు భరించాను. తీసుకుపో," అంది పెద్దావిడ. "జాడీ కూడా నీదే."

మర్నాడు పొద్దున మాల్‌సున్ ఆ జాడీ నెత్తిన పెట్టుకుని మా ఇంటికి బయల్దేరింది. డాక్టరు నన్నింకా బరువులు మోయొద్దన్నాడు, అందుకే నేను మూత పట్టుకుని వెనకాలే నడిచాను.